వేగానికి పునాది నెమ్మదిగా తొక్కడమే

వేగం పెంచుకోవాలని సైకిల్ సాధన మొదలుపెట్టినవాళ్లు చాలామంది రోజూ ఒకే తీరున తొక్కుతారు. ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది, కాళ్లు లాగుతాయి. ఇల్లు చేరాక బాగా కష్టపడ్డామన్న తృప్తి మిగులుతుంది. మొదటి నెలల్లో వేగం పెరుగుతుంది కూడా. ఆ తర్వాత ఎంత తొక్కినా అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఇంకా గట్టిగా తొక్కుతారు. నా దృష్టిలో సాధనలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే. వారంలో ఎక్కువ రోజులు, పక్కవారితో తడబడకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగానే తొక్కాలి.

కారణం కండరం లోపల ఉంది. కణాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్ సాయంతో కొవ్వును, చక్కెరను దహించి శక్తినిస్తాయి. అమెరికా శాస్త్రవేత్త జాన్ హోలోజీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద వారాల తరబడి పరిగెత్తించి, 1967లో ఫలితాలు ప్రకటించారు. వాటి కాలి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల చురుకుదనం దాదాపు రెట్టింపైంది! అంటే కండరం తన పొయ్యిల సంఖ్యనే పెంచుకుంటుందన్నమాట. గంటల తరబడి సాగే తేలికపాటి తొక్కుడులో ఈ పని నిదానంగా జరుగుతుంది. కండరపు పోగుల చుట్టూ కేశనాళికలనే సన్నని రక్తనాళాలు కొత్తగా పుడతాయి, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. గుండె ఎడమ జఠరిక విశాలమై, ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. మేటి సైక్లిస్టుల గుండె విశ్రాంతిలో నిమిషానికి 40 సార్లే కొట్టుకోవడం వెనకున్న రహస్యం ఇది.

ఇంధనం సంగతీ అంతే. కండరాల్లో, కాలేయంలో కలిపి గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ సుమారు 500 గ్రాములే ఉంటుంది. తీవ్రంగా తొక్కితే రెండు గంటల్లో అది అడుగంటుతుంది, కాళ్లు మొరాయిస్తాయి. కొవ్వు నిల్వలు మాత్రం బక్కపలచని మనిషిలోనూ రోజుల తరబడి సరిపోతాయి. నెమ్మది సాధన ఆ కొవ్వును వాడుకోవడం కండరానికి నేర్పి, గ్లైకోజెన్‌ను చివరి ఎక్కుడు దారికి దాచిపెడుతుంది.

ఇక్కడ, కండరం చక్కెరను వాడుకునేటప్పుడు పుట్టే లాక్టేట్ గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దానికి చాలా అన్యాయం జరిగింది. కాళ్ల మంటకూ మర్నాటి నొప్పులకూ అదే కారణమని దశాబ్దాలుగా నిందించారు. నిజానికి తొక్కడం ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి కారణం కండరపు పోగుల్లో పడిన సూక్ష్మమైన గాయాలు. లాక్టేట్ అసలు ఇంధనమేనని, ఒక కండరంలో పుట్టి మరో కండరానికీ గుండెకూ చేరి అక్కడ ఖర్చవుతుందని 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బ్రూక్స్ ప్రతిపాదించారు. దాన్ని దహించేవి కూడా మైటోకాండ్రియానే. అవి ఎన్ని ఎక్కువుంటే, లాక్టేట్ పేరుకుపోకుండా అంత వేగంగా తొక్కవచ్చు.

అలాగని తీవ్ర సాధన అక్కర్లేదని కాదు. గుండె పూర్తి సామర్థ్యాన్ని వెలికితీయాలంటే వారానికి ఒకటి రెండు రోజులు నాలుగేసి నిమిషాలు గట్టిగా తొక్కి, మధ్యలో తేరుకుంటూ, నాలుగైదు సార్లు చేయాలి. మేటి క్రీడాకారుల సాధనను పరిశీలించిన వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, వారి సాధనలో సుమారు 80 శాతం తేలికపాటిదేనని గమనించారు. రోజూ మధ్యస్థంగా తొక్కేవారికి తీవ్రమైన రోజున కాళ్లలో సత్తువ మిగలదు, తేలిక రోజున విశ్రాంతీ దక్కదు.

పైగా గాలి ఉంది. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు కావాలి. సమతల దారిలో గంటకు ఒక్క కిలోమీటరు పెరగడానికి నెలలు పట్టడం అందుకే. వేగం చూసి నిరాశపడేకన్నా గుండె కొలత చూడండి. గాలి లేని ఉదయాల్లో, అదే దారిలో, అదే వేగంతో వెళ్లినప్పుడు గుండె నిమిషానికి కొట్టుకునే లెక్క కొన్ని వారాలకు ఐదో పదో తగ్గి కనిపిస్తుంది.