ఆకు ముందు కూర్చున్నాక

ప్రొద్దుటూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఒంటిమిట్ట కల్యాణానికి అందరం కలిసి వెళ్లాం కదా. వెన్నెల్లో సీతారాముల పెళ్లి చూసి, ప్రసాదం వరుసలో నిలబడ్డప్పుడు మీలో ఒక పిల్ల నన్ను అడిగింది: "తాతా, చేతిలో పైసా లేకపోయినా ఇంటర్ కాగానే అమెరికాలో డిగ్రీ చదవవచ్చట. నిజమేనా?" చుట్టూ ఉన్న పెద్దవాళ్లు నవ్వారు. ఇంతలో వరుస కదిలింది, పులిహోర చేతికొచ్చింది, నేను జవాబు చెప్పలేదు. అడిగిన పిల్ల చిన్నబుచ్చుకుంది. అందుకే ఈ ఉత్తరం. అందరికీ కలిపి రాస్తున్నాను, ఆ ప్రశ్న మీ అందరి కడుపుల్లోనూ ఉందని నాకు తెలుసు.

నిజమే. కాకపోతే ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు అన్నది ముందు అర్థం కావాలి. తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలుపెట్టినప్పుడు ఒక ఏర్పాటు చేశారు. దాతలిచ్చిన డబ్బు బ్యాంకులో వేస్తారు. అసలు జోలికి పోరు. దాని మీద వచ్చే వడ్డీతో వండి వడ్డిస్తారు. అమెరికాలో పాత కాలేజీలు నడిచేది కూడా ఇంచుమించు ఇలాగే. అక్కడ చదివి బాగుపడ్డవాళ్లు, ఎప్పుడో కాలం చేసిన వ్యాపారులు ఇచ్చిన నిధి పెరుగుతూ ఉంటుంది, దాని రాబడిలోంచి పేద పిల్లలకు పెడతారు. హార్వర్డ్ నిధి ఒక్కటే 5,000 కోట్ల డాలర్లు దాటింది. మన టాటా వాళ్ల ట్రస్టు 2008లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది, అక్కడ డిగ్రీ చదివే భారతీయ పిల్లల సాయానికి. అంటే మీరు అడగబోయేది భిక్ష కాదు, ఎవరో మీలాంటి వాళ్ల కోసం ముందే పక్కన తీసి పెట్టిన ముద్ద.

ఇక భోజనానికి వెళ్లినవాడికి రెండు గండాలు ఉంటాయి. వాకిట్లో ఆపుతారా అన్నది ఒకటి. లోపలికి వెళ్లి ఆకు ముందు కూర్చున్నాక నిండా వడ్డిస్తారా అన్నది రెండోది.

మా చిన్నప్పుడు మా అన్నా నేనూ పిలవని పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లం. వాకిట్లో అత్తరు పూస్తూ ఒక పెద్దమనిషి నిలబడేవాడు. ఆయన చూపు మా మొహాల మీద కాదు, మా కాళ్ల మీద ఉండేది. చెప్పులు లేని కాళ్లు కనబడితే "ఎవరి తాలూకు?" అనేవాడు. అన్న ఏదో ఒక పేరు చెప్పేవాడు. ఒక్కోసారి ఆ పేరు పనిచేసేది. అయినా మాకు దొరికేది ఆఖరి బంతే. పప్పు నీళ్లగా ఉండేది, ఓళిగలు అప్పటికే అయిపోయి ఉండేవి.

అమెరికా కాలేజీల్లో ఇలా కాళ్ల వంక చూడని వాకిళ్లు కొన్ని ఉన్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ అలాంటివి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ కూడా ఆ వరుసలో చేరాయి. దరఖాస్తు చదివేటప్పుడు విదేశీ పిల్లవాడి తండ్రి ఫీజు కట్టగలడా లేదా అన్నది ఇవి లెక్కలోకి తీసుకోవు. దీన్ని నీడ్ బ్లైండ్ అంటారు. అవసరాన్ని చూడని గుడ్డితనం అన్నమాట. ఇంత మంచి గుడ్డితనం గురించి నేనెక్కడా వినలేదు. చేర్చుకున్నాక మీ ఇంటివాళ్లు నిజంగా ఎంత పెట్టగలరో లెక్కగట్టి, మిగిలినదంతా తామే భరిస్తాయి. ఏమీ పెట్టలేకపోతే దాదాపు మొత్తం భరిస్తాయి. ఏడాదికి ఎనభై వేల డాలర్లు దాటే చోట అది చిన్న మాట కాదు.

మిగతా కాలేజీలు చాలావరకు విదేశీ పిల్లల విషయంలో వాకిట్లోనే సంచి తడుముతాయి. డబ్బు లేనివాళ్లకు ఇన్ని ఆకులే అని ముందే అనుకుంటాయి. అది తప్పని నేననను, ఎంత వండారో వాళ్లకే తెలుసు. వీటిలో మంచివి ఒకసారి కూర్చోబెట్టాక మాత్రం నిండుగా వడ్డిస్తాయి. అయితే ఒక సంగతి. సాయం అక్కర్లేదని రాసి చేరిపోయి, తర్వాత అడుగుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. విదేశీ పిల్లలు మొదటి దరఖాస్తులోనే అడగాలన్నది చాలాచోట్ల నియమం.

ఇక అసలు మోసపోయేది రెండో గండం దగ్గర. మన వీధిలో ఒక అబ్బాయికి మూడేళ్ల కిందట ఉత్తరం వచ్చింది: అభినందనలు, ఏడాదికి 20 వేల డాలర్ల స్కాలర్‌షిప్. వాళ్లమ్మ వీధంతా మైసూరుపాకు పంచింది, నేనూ రెండు తిన్నాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే ఏడాది ఖర్చు 55 వేలు. మిగిలిన 35 వేల డాలర్లంటే ముప్పై లక్షల రూపాయలు, అదీ ఒక్క ఏడాదికి. ఆకులో ఊరగాయ వేసి అన్నం మీరే తెచ్చుకోండి అన్నట్టుంది. ఆ అబ్బాయి ఇప్పుడు అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బాగానే చదువుతున్నాడు. కాబట్టి వాళ్లు ఎంత ఇస్తున్నారని అడగకండి, మనం ఎంత కట్టాలని అడగండి.

అమెరికా ఒక్కటే పందిరి కాదు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో పియర్సన్ స్కాలర్‌షిప్ ఫీజు, పుస్తకాలు, వసతి అన్నీ నాలుగేళ్లు భరిస్తుంది. దానికి మీ పాఠశాలే మీ పేరు పంపాలి. జపాన్ ప్రభుత్వం తమ రాయబార కార్యాలయం ద్వారా పరీక్ష పెట్టి, విమాన టికెట్టుతో సహా పిలిపించుకుని, ఏడాది పాటు భాష నేర్పి మరీ డిగ్రీ చదివిస్తుంది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధన రుసుము తీసుకోవు. కానీ తిండికీ గదికీ ఏడాదికి 11,904 యూరోలు ముందే ఒక ఖాతాలో వేసి చూపాలి. పైగా మన ఇంటర్ ఒక్కటే చూపి అక్కడ నేరుగా చేరడం కుదరదు. మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీకీ పీహెచ్‌డీకీ మాత్రమే, డిగ్రీకి పనికిరాదు.

వీటన్నిటిలో నాకు నచ్చింది కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ. 1855లో పెట్టారు. బానిసత్వం ఇంకా ఉన్న గడ్డ మీద నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే బల్ల మీద కూర్చోబెట్టాలని మొదలైన చోటు. ఎవరి దగ్గరా బోధన రుసుము తీసుకోదు. బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు పనిచేయాలి. తిన్నవాడే ఆకు తీయాలన్న మా అమ్మ పద్ధతి. విదేశీయులను తీసుకునేది కొద్దిమందినే.

ఇక్కడికి వచ్చేసరికి నా పోలిక కుంటుతోంది. అన్నదానంలో వరుసలో నిలబడ్డ ప్రతివాడికీ ముద్ద దొరుకుతుంది. ఇక్కడ దొరకదు. హార్వర్డ్, ఎంఐటీ లాంటివి వచ్చిన దరఖాస్తుల్లో నూటికి అయిదు కూడా ఒప్పుకోవు. మార్కులు నిండుగా ఉన్నవాళ్లే వేలమంది వెనక్కి వస్తారు. ఇది మీతో దాచడం నాకిష్టం లేదు. ఇక్కడి ఈఏపీసెట్‌కు, అదే పాత ఎంసెట్‌కు, చదువుతూనే ఆ ప్రయత్నం చేయండి.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఉచిత హాస్టల్ సీటుకు దరఖాస్తు వచ్చింది. మా నాన్నకు ఉన్నది మూడెకరాల మెట్ట. ఫారం నింపే చోట ఊరి పెద్దలు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు తక్కువ చెప్పడానికి నోరు రాక ఎనిమిదెకరాలు అన్నాడు. రాసుకున్నారు. సీటు రాలేదు. మూడేళ్లు ఏడు మైళ్లు నడిచి చదివాను, పదో తరగతి కాగానే తపాలా శాఖలో ఉత్తరాల కట్టలు విడదీసే పనిలో చేరాను. నాన్న మీద నాకు కోపం లేదు. కానీ ఆ అయిదెకరాలు ఇప్పటికీ నా కళ్ల ముందు పచ్చగా కనబడతాయి.

ఎందుకు చెబుతున్నానంటే, ఈ సాయం ఇచ్చే కాలేజీలు చాలావరకు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం నింపమంటాయి. ఇంటి ఆదాయం, భూమి, అప్పు, ఇల్లు అన్నీ అందులో రాయాలి. ఎక్కువ రాస్తే మా నాన్న కథ అవుతుంది. తక్కువ రాస్తే అబద్ధం, బయటపడితే ఇచ్చిన సీటు కూడా పోతుంది. దరఖాస్తుల గడువు చాలాచోట్ల జనవరి మొదట్లోనే ముగుస్తుంది. తహసీల్దారు కార్యాలయంలో ఆదాయ పత్రం ఎన్ని రోజులకు చేతికొస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దరఖాస్తు రుసుము కట్టలేకపోతే మాఫీ అడగవచ్చు, సిగ్గుపడకండి. లక్షలు తీసుకుని సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల దగ్గరికి వెళ్లకండి, హైదరాబాద్‌లో ఎడ్యుకేషన్ యూఎస్ఏ అనే అమెరికా ప్రభుత్వ సలహా కేంద్రం వాళ్లు డబ్బు తీసుకోకుండానే చెబుతారు.

కాబట్టి ఒంటిమిట్టలో అడిగిన పిల్లకు ముందు ఒక పని. ఈ ఆదివారం మీ నాన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, పట్టాదారు పాసుపుస్తకం అడిగి తీసుకో. ఎన్ని ఎకరాలు, పోయిన ఏడాది వేరుశనగ ఎన్ని బస్తాలైంది, ఎంతకు అమ్మారు, ఎవరికెంత బాకీ, అన్నీ నీ చేత్తో ఒక కాగితం మీద రాయి. ఆయన ఏదైనా అంకె దగ్గర ఆగిపోతే తొందరపెట్టకు, పక్కనే కూర్చో. ఆ కాగితం తీసుకుని మా ఇంటికి రా. కంప్యూటర్ ఆ తర్వాత తెరుద్దాం.

మీ తాత