మ్యాథ్స్ ఒక్కటే గట్టిగా ఉంటే చాలా? బెంగళూరు ఇంజినీరింగ్ ఎంట్రన్సులు: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఉండే తెలుగింటి పిల్లలు ఇంజినీరింగ్ కోసం ఎక్కువగా కేసీఈటీ (కర్ణాటక ప్రభుత్వ ఎంట్రన్స్), కామెడ్‌కే (ఇక్కడి ప్రైవేటు కాలేజీలది), జేఈఈ మెయిన్ (జాతీయ స్థాయిది) రాస్తారు. ఊరి వైపు సీటు మీద ఆశ ఉంటే ఈఏపీసెట్ (తెలుగు రాష్ట్రాల పాత ఎంసెట్) కూడా. అన్నిట్లోనూ అవే మూడు సబ్జెక్టులు కాబట్టి ఒకే టైంటేబుల్ సరిపోతుందనుకుంటారు. కానీ మార్కుల లెక్క దేనికదే. ఏ సబ్జెక్టు ముందు పట్టుకోవాలో చెప్పేది ఆ లెక్కే.

అపోహ: "మ్యాథ్స్ వస్తే సగం గట్టెక్కినట్టే"

ఈ మాట చెప్పేది సాధారణంగా ఒకప్పుడు ఎంసెట్ రాసిన బాబాయిలో మావయ్యలో. వాళ్ల పరీక్ష వరకూ అది అక్షరాలా నిజం. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే 80 మ్యాథ్స్‌వే. ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కేసీఈటీలోనూ కామెడ్‌కేలోనూ మూడూ సమానం, 60 చొప్పున. జేఈఈ మెయిన్‌లో 25 చొప్పున.

మ్యాథ్స్‌లో 90 శాతం, ఫిజిక్స్‌లో 40, కెమిస్ట్రీలో 50 తెచ్చుకునే అబ్బాయిని తీసుకోండి. ఈఏపీసెట్ లెక్కన 72, 16, 20 కలిపి 108. కేసీఈటీ లెక్కన 54, 24, 30, అవీ 108. కాకపోతే మొదటిది 160కి, రెండోది 180కి. 67.5 శాతం కాస్తా 60కి పడిపోయింది. ర్యాంకుల పట్టికలో ఈ తేడా చాలా దూరం.

సమయం సంగతి కూడా వేరు. కామెడ్‌కేలో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు, జేఈఈ మెయిన్‌లో 3 గంటలకు 75. కెమిస్ట్రీ తొందరగా ముగిస్తే మిగిలిన నిమిషాలు మ్యాథ్స్‌కి వాడుకోవచ్చు. అందుకే ఈ పరీక్షల్లో కెమిస్ట్రీ వేగానికి అంత విలువ. కేసీఈటీలో ఒక్కో సబ్జెక్టుకి విడిగా 80 నిమిషాలు. కెమిస్ట్రీలో మిగిల్చిన సమయం మ్యాథ్స్‌కి రాదు. అక్కడ మ్యాథ్స్ తన 80 నిమిషాల్లోనే, అంటే ప్రశ్నకి 80 సెకన్లలోనే తేలాలి.

ఇంకో మాట. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరు ఉండాలంటే మొత్తం మార్కులతోపాటు ప్రతి సబ్జెక్టులోనూ కనీస మార్కులు రావాలి. ఒకదాన్ని వదిలేద్దామనే ఆలోచన అక్కడ చెల్లదు.

అపోహ: "తక్కువ వచ్చే సబ్జెక్టుకే ఎక్కువ గంటలు పెట్టాలి"

ముందు ఆ తక్కువ ఎంత తక్కువో సరిగ్గా చూడాలి. కేసీఈటీలో నెగటివ్ మార్కులు లేవు, నాలుగు ఆప్షన్లు. ఏమీ చదవకుండా 60 బబుల్స్ నింపినా సగటున 15 వస్తాయి. మాక్ టెస్టులో ఫిజిక్స్ 24 వచ్చిందంటే నిజంగా తెలిసినవి సుమారు 12. మిగతా 48 ప్రశ్నల్లో పావు వంతు గుడ్డిగా తగిలాయి. అదే లెక్కన కెమిస్ట్రీ 39 అంటే తెలిసినవి 32, మ్యాథ్స్ 51 అంటే 48. "ఫిజిక్స్‌లో 40 శాతం వస్తోంది, పరవాలేదు" అనుకునే వాళ్ల అసలు పరిస్థితి 20 శాతం.

తర్వాత పని ఇది. కేసీఈటీ పాత పేపర్లు మూడు తీసుకుని, ఒక్కో సబ్జెక్టునీ 80 నిమిషాలు గడియారం పెట్టి రాయించండి. ఊహించి పెట్టిన ప్రతి జవాబు పక్కనా అప్పటికప్పుడే చుక్క పెట్టాలి. తప్పులకీ, చుక్కలకీ ఒక్కో గుర్తు వేయండి: పాఠమే రాకపోతే "తె" (తెలీదు), వచ్చుగానీ టైం చాలకపోతే "ఆ" (ఆలస్యం), గుర్తులోనో యూనిట్‌లోనో బబుల్‌లోనో జారితే "పొ" (పొరపాటు). 2024 పేపరు వాడితే ఒక జాగ్రత్త: సిలబస్ బయటివని ఆ ఏడాది 50 ప్రశ్నల్ని మూల్యాంకనం నుంచి తీసేశారు. వాటిని కొట్టేయకపోతే "తె" సంఖ్య ఊరికే పెరుగుతుంది.

పుస్తకం ముందు కూర్చునే గంటలు "తె" ఒక్కదానికే అవసరం. అందులోనూ విడిగా నిలబడే పాఠాలు ముందు: సెమీకండక్టర్లు, పరమాణువు, కేంద్రకం, రే ఆప్టిక్స్ లాంటివి. రొటేషన్ అలా కాదు. న్యూటన్ నియమాలు, శక్తి కుదరకుండా దాని మీద వారం పోసినా ఫలితం కనిపించదు. "ఆ"కి మందు 20 నిమిషాల్లో 15 ప్రశ్నలు, రోజూ. "పొ"కి ఎంత చదివినా లాభం లేదు. రఫ్ వర్క్ వరసగా రాయడం, పది ప్రశ్నలకోసారి ఓఎంఆర్ నంబరు సరిచూసుకోవడం అలవాటు కావాలి.

పై మాక్ టెస్టు ఉదాహరణలోని పిల్లలకి ఇంట్లో 4 గంటలు దొరికితే ఫిజిక్స్‌కి గంటా ముప్పావు, కెమిస్ట్రీకి గంటంబావు, మ్యాథ్స్‌కి గంట ఇస్తాం. మ్యాథ్స్ వచ్చు కదా అని ఆ గంట కూడా లాగేస్తే నెల తిరిగేసరికి ఇంటిగ్రేషన్ వేగం పోతుంది. మూడు వారాలకోసారి మళ్లీ పేపరు రాయించి వాటాలు మార్చాలి.

అపోహ: "ఫిజిక్స్ రావట్లేదు, ఫిజిక్స్ ట్యూషన్ పెట్టించాలి"

ట్యూషన్‌కి డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష చేయండి. లెక్క ఇచ్చి, సమీకరణం రాసేదాకా ఆపకండి. సమీకరణం సరిగ్గా వచ్చి అక్కడ ఆగిపోతే లోపం మ్యాథ్స్‌లో ఉంది: వెక్టర్లు, త్రికోణమితి, డిఫరెన్సియేషన్. ఫస్ట్ పీయూ (కర్ణాటకలో ఇంటర్ మొదటి ఏడాది) కాలేజీల్లో కైనమాటిక్స్ నాటికి డెరివేటివ్స్ ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. ఆ ఖాళీ సెకండ్ పీయూ దాకా వెంటాడుతుంది.

అపోహ: "కెమిస్ట్రీ బట్టీయే కదా, చివర్లో చూసుకోవచ్చు"

మూడో వంతుకే ఇది వర్తిస్తుంది. ఇనార్గానిక్ త్వరగా మరిచిపోతాం, కాబట్టి పరీక్ష దగ్గర్లో ఎన్సీఈఆర్టీ వాక్యాలు మళ్లీ మళ్లీ చదవడమే మంచిది. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కల పని. ఆర్గానిక్ మొదటి అధ్యాయం కుదరకపోతే తర్వాతి చర్యలన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సి వస్తుంది. దాన్ని చివరికి నెట్టకండి.

అపోహ: "ఎంట్రన్స్ ఉండగా పీయూ మార్కులెందుకు?"

కేసీఈటీ ఇంజినీరింగ్ ర్యాంకులో సగం సెకండ్ పీయూ లేదా పన్నెండో తరగతి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులదే. 300కి వచ్చినవి 50కి, ఎంట్రన్స్‌లో 180కి వచ్చినవి 50కి కుదిస్తారు. అంటే 3 ఎంట్రన్స్ మార్కులూ, 5 బోర్డు మార్కులూ ఒకటే బరువు. పీయూ ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో ప్రాక్టికల్స్‌కే 30 చొప్పున ఉన్నాయి. రికార్డు సరిగ్గా రాసి, వైవాకి సిద్ధమైతే వచ్చే మార్కులవి. ఇంత చవగ్గా ఎంట్రన్స్‌లో ఏదీ దొరకదు.

కామెడ్‌కే, జేఈఈ ర్యాంకుల్లో బోర్డు మార్కులు కలవవు. అయితే ఎన్ఐటీ, ఐఐటీ సీటుకి 75 శాతమో, బోర్డులో పై 20 పర్సంటైలో కావాలి (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి సడలింపు ఉంది). ఆ శాతంలో ఒక భాష కూడా లెక్కకొస్తుంది. కేసీఈటీకి పనికిరావని భాషలన్నిటినీ గాలికొదిలేసిన వాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు.

2025లో వరస ఇలా నడిచింది: జనవరిలో జేఈఈ మొదటి విడత, మార్చిలో పీయూ పరీక్షలు, ఏప్రిల్ మొదట్లో జేఈఈ రెండో విడత, 16, 17 తేదీల్లో కేసీఈటీ, మేలో కామెడ్‌కే. కాబట్టి ఫిబ్రవరి మొత్తం పీయూ పరీక్షల కోసం డెరివేషన్లు చేత్తో రాసే నెల. కేసీఈటీ టైంటేబుల్ వచ్చాక సబ్జెక్టుల వరస చూడండి, అది ఏటా ఒకేలా ఉండదు. 2024లో మొదటి రోజు బయాలజీ, మ్యాథ్స్ పెట్టారు. 2025లో ఫిజిక్స్, కెమిస్ట్రీ. కెమిస్ట్రీ రెండో రోజుకి పడితే ఇనార్గానిక్ చివరి తిరగేత మధ్యలోని సాయంత్రానికి ఉంచుకోవచ్చు. మొదటి రోజే అయితే దాన్ని ముందురోజుకల్లా ముగించుకోవాలి.