డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు: వార్డులో రోజూ వినే అపోహలు, ఒక నర్సుగా నేను చెప్పే వాస్తవాలు

నేను మానసిక రోగుల వార్డులో నర్సుని. మందులివ్వడం, బీపీ చూడడం ఎంత పనో, అపోహలు పోగొట్టడం కూడా అంతే పని. రోగిని తీసుకొచ్చిన కుటుంబానికి కొన్ని అపోహలుంటాయి, రోగికి కొన్ని ఉంటాయి. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులకు కూడా కొన్ని ఉంటాయి. వీటిలో చాలావరకు భయంలోంచి పుట్టినవే. ఆత్మహత్య అనే మాట వినగానే అందరూ మాట మార్చేస్తారు. ఆ మనిషి తన బాధతో ఒంటరిగా మిగిలిపోతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా 7 లక్షల మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. 15 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు ఇది మూడో పెద్ద కారణం. అందుకే పోస్టు పొడుగైనా ఫర్వాలేదనుకుని రాస్తున్నాను.

అపోహ: "చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన మనమే కలిగించినట్టవుతుంది."

నేను ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. దీన్ని పరీక్షించి చూశారు కూడా. 2005లో అమెరికాలో రెండు వేల మందికి పైగా హైస్కూల్ విద్యార్థుల మీద ఒక అధ్యయనం వచ్చింది. సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, మిగతావాళ్లను అడగలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగినవాళ్లలో బాధ గానీ ఆత్మహత్య ఆలోచనలు గానీ పెరగలేదు. పైగా అప్పటికే డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లకు, గతంలో ప్రయత్నం చేసినవాళ్లకు అడగడం వల్ల కాస్త ఊరట దొరికినట్టు కనిపించింది.

వార్డులోనూ నేను చూసేది అదే. డిప్రెషన్‌లో తెల్లవారుజామున మూడు, నాలుగింటికే మెలకువ వచ్చేసి మళ్లీ నిద్ర పట్టకపోవడం మామూలు. ఒక రాత్రి డ్యూటీలో ఒక పెద్దావిడ మంచం అంచున కూర్చుని దుప్పటి మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ కనిపించింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. "నిద్ర పట్టలేదా అమ్మా?" అన్నాను. చాలాసేపటికి, "నేనుండి ఎవరికి లాభం సిస్టర్" అంది. "అలా అనిపించినప్పుడు చనిపోవాలని కూడా అనిపిస్తోందా?" అని అడిగాను. దుప్పటి మీద నుంచి చెయ్యి తీసి, తలెత్తి నా వైపు చూసింది. "అనిపిస్తోందమ్మా. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు." ఆ తర్వాత అరగంట సేపు ఆవిడే మాట్లాడింది.

అయితే ఎలా అడుగుతామన్నది ముఖ్యం. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే ఎవరైనా "లేవు" అనే అంటారు, ఎందుకంటే మనకు కావలసిన జవాబు ప్రశ్నలోనే చెప్పేశాం. మేము మెట్లుమెట్లుగా వెళ్తాం. బతకాలని లేదనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అన్నది కూడా ఆలోచించారా? చెయ్యాలన్న ఉద్దేశం ఉందా? అందుకు ఏమైనా సిద్ధం చేసుకున్నారా? మొదటి మెట్టులో ఉన్న మనిషికి, చివరి మెట్టులో ఉన్న మనిషికి ఇచ్చే సంరక్షణ ఒకటి కాదు. అడగకపోతే ఎవరు ఎక్కడున్నారో తెలిసే దారే లేదు.

"అవును" అన్న జవాబు వస్తే కంగారు పడకూడదు, ఉపన్యాసం ఇవ్వకూడదు. "నాకు చెప్పి మంచి పని చేశారు. ఎప్పటి నుంచి అనిపిస్తోంది?" అంటే చాలు. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌కు తెలియజేయాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి సిస్టర్" అని కొందరు అడుగుతారు. ఆ ఒట్టు నేను వెయ్యను. "మీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి డాక్టర్‌కు చెప్పక తప్పదు, కానీ మీకు చెప్పకుండా మీ వెనక ఏదీ చెయ్యను" అంటాను. ఇలా నిజం చెప్తేనే నమ్మకం నిలుస్తుంది.

అపోహ: "చెప్పేవాళ్లు చెయ్యరు. అంతా అటెన్షన్ కోసం."

ఆత్మహత్యతో చనిపోయిన వాళ్లలో చాలామంది అంతకుముందు ఎవరో ఒకరికి ఏదో ఒక రూపంలో చెప్పినవాళ్లే. గతంలో ఒకసారి ప్రయత్నం చేసి ఉండడం మేము చూసే ప్రమాద సూచనల్లో అన్నిటికంటే బలమైనది. "పోయినసారీ ఇలాగే చేశాడు, ఏమీ కాలేదు" అన్న మాట వింటే నాకు ధైర్యం రాదు, జాగ్రత్త పెరుగుతుంది. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్‌లో "డ్రామా", "అటెన్షన్" లాంటి మాటలు వాడొద్దని జూనియర్లకు గట్టిగానే చెప్తాను. ఆ మాట ఒక్కసారి ఫైల్లోకి ఎక్కితే తర్వాతి షిఫ్ట్ వాళ్లు ఆ మనిషిని సరిగ్గా చూడరు.

అపోహ: "ఒకసారి నిశ్చయించుకున్నాక ఎవరూ ఆపలేరు."

ఆపగలం. ఆ స్థితిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మనసులో చావాలన్న కోరికా, బతకాలన్న కోరికా రెండూ ఉంటాయి. వాళ్లు కోరుకునేది చావు కంటే ఎక్కువగా ఆ బాధ నుంచి విముక్తి. ప్రాణం తీసుకోవాలన్న ఉద్రేకం అన్ని వేళలా ఒకేలా ఉండదు. తీవ్రమైన ఘడియలు వస్తాయి, తగ్గుతాయి. ప్రయత్నం చేసి బతికినవాళ్లలో పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. ఈ ఒక్క వాస్తవం ప్రతి కుటుంబానికీ తెలియాలని నా కోరిక.

అందుకే హాని చేసుకునే వీలున్న వస్తువులను అందుబాటులో లేకుండా చెయ్యడం నిజంగా ప్రాణాలు కాపాడుతుంది. ఇంట్లోనైనా, వార్డులోనైనా. ఆ తీవ్రమైన గంట గడిచేదాకా చేతికి ఏమీ అందకుండా, పక్కన మనిషి ఉండేలా చూడగలిగితే చాలావరకు గండం గట్టెక్కినట్టే.

వార్డులో చేరినప్పుడు సామాను చూస్తాం. ప్రమాదం ఎక్కువగా ఉంటే ఒక నర్సు పూర్తిగా ఆ రోగి దగ్గరే ఉంటుంది, బాత్రూమ్‌కు వెళ్లినా సరే. కుటుంబాలకు ఇది కాపలాలా కనిపిస్తుంది. మేము సరిగ్గా చెయ్యకపోతే అది కాపలాగానే మిగులుతుంది కూడా. ఫోన్ చూసుకుంటూ కూర్చున్న నర్సు అక్కడ ఉన్నా లేనట్టే. మాట్లాడాలి, మాట్లాడే ఓపిక లేని మనిషైతే మౌనంగా కూర్చోవాలి, ఎందుకు వెంట ఉంటున్నామో గౌరవంగా వివరించాలి. కాస్త కుదుటపడ్డవాళ్లను మధ్యమధ్యలో వెళ్లి చూస్తాం. సరిగ్గా గంట కొట్టినట్టు ఒకే సమయానికి కాకుండా వేళలు మార్చి వెళ్లాలి. వెళ్లినప్పుడు మనిషి మంచం మీద ఉన్నాడో లేడో చూసి టిక్కు పెట్టడం కాదు, ముఖం చూడాలి, ఊపిరి చూడాలి, ఒక మాట కలపాలి.

అపోహ: "ఇప్పుడు బాగా తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఇక ప్రమాదం తప్పింది."

మా అనుభవంలో మరింత కళ్లు తెరుచుకుని ఉండాల్సిన సమయం ఇదే. డిప్రెషన్ బాగా ముదిరినప్పుడు కొందరికి లేచి నిలబడే ఓపిక కూడా ఉండదు. చికిత్స మొదలయ్యాక నిద్ర, ఆకలి, ఒంట్లో శక్తి ముందు తిరిగి రావచ్చు. నిరాశ మాత్రం ఇంకా అలాగే ఉండొచ్చు. ఆలోచన ఉండి ఓపిక కూడా వచ్చిన ఆ రోజుల్లో జాగ్రత్త సడలించకూడదు. నిన్నటిదాకా తీవ్రమైన టెన్షన్‌లో ఉన్న మనిషి కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోయినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, అందరికీ వీడ్కోలు చెప్తున్నట్టు మాట్లాడినా సంతోషించి ఊరుకోవద్దు. దగ్గర కూర్చుని నేరుగా అడగండి.

అంతకంటే పెద్ద ప్రమాదం డిశ్చార్జ్ తర్వాత. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన మొదటి వారం, ఆ తర్వాత మూడు నెలలు ముప్పు చాలా ఎక్కువని ఎన్నో దేశాల పరిశోధనలు చెప్తున్నాయి. ఇల్లు అదే, అప్పులో గొడవలో ఏవి మనిషిని కుంగదీశాయో అవీ అలాగే ఉంటాయి. పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండే నర్సు మాత్రం ఉండదు. అందుకే డిశ్చార్జ్ కాగితంతో పాటు తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ చేతిలో ఉండాలి. అది వారంలోపే ఉండాలి. ఒకటి రెండు రోజుల్లో మా వైపు నుంచి ఒక ఫోన్ వెళ్లాలి.

ఒక ఫోన్‌తో ఏమవుతుందని అడిగేవాళ్లకు జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్ట్ చేసిన పని చెప్తాను. డిశ్చార్జ్ తర్వాత చికిత్స కొనసాగించని 843 మందిని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన బృందం రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు ఐదేళ్ల పాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు రాశారు. "మీరు బాగున్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి" అన్న ధోరణిలో. ఏ డిమాండ్ లేదు, ఏ సలహా లేదు. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్న గుంపులో ఆత్మహత్య మరణాలు తక్కువగా ఉన్నాయి. మా పనిలో చిన్నవిగా కనిపించే వాటికి ఎంత బలముందో ఇది చూస్తే అర్థమవుతుంది.

అపోహ: "ఆ మాత్రలు మత్తు మాత్రలు. మొదలుపెడితే జీవితాంతం బానిస."

డిప్రెషన్‌కు సాధారణంగా మొదట ఇచ్చే మందులు వ్యసనం కలిగించేవి కావు. వాటి కోసం మనిషి వెంపర్లాడడు, రోజురోజుకీ డోసు పెంచుకోవాలనిపించదు. ఒక్కసారిగా ఆపేస్తే కళ్లు తిరగడం, వికారం, చిరాకు, నిద్ర చెడడం లాంటివి రావచ్చు. అందుకే డాక్టర్ చెప్పిన విధంగా మెల్లగా తగ్గించాలి.

అసలు చిక్కు మొదటి వారాల్లో వస్తుంది. కడుపులో తిప్పడం, తలనొప్పి లాంటి ఇబ్బందులు ముందు వస్తాయి, మేలు రెండు నుంచి నాలుగు వారాలకు గానీ కనిపించదు. పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కూడా పట్టొచ్చు. ఇది ముందే చెప్పకపోతే పదో రోజున మాత్రలు చెత్తబుట్టలోకి వెళ్తాయి. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి, లేకపోతే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. 25 ఏళ్లలోపు వాళ్లలో చికిత్స తొలిరోజుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో మొదలుపెట్టి, 2007లో 24 ఏళ్ల వరకూ విస్తరించి హెచ్చరిక పెట్టించింది. దానర్థం మందు ఇవ్వకూడదని కాదు. మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు దగ్గరుండి చూడాలని. నిద్ర పూర్తిగా పోయినా, నిలకడ లేకుండా తిరుగుతున్నా వెంటనే చెప్పాలి.

వార్డులో మాత్ర ఇచ్చి వెళ్లిపోం. నీళ్ల గ్లాసు ఇచ్చి, మింగేదాకా నిలబడి, రెండు మాటలు మాట్లాడించి వస్తాం. ఇంటికి కొద్ది రోజులకు సరిపడా మాత్రమే ఇస్తారు, వాటిని ఇంట్లో వేరొకరి దగ్గర ఉంచమంటాం. ఇది అవమానం కాదని రోగికి వివరించి చెప్పాలి.

అపోహ: "షాక్ ట్రీట్‌మెంట్ అంటే హింస."

ఈసీటీ (మెదడుకు కొద్దిపాటి కరెంటు పంపి చేసే చికిత్స, దాన్నే షాక్ ట్రీట్‌మెంట్ అంటారు) ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేస్తారు. రోగికి నొప్పి తెలియదు. తిండీ నీళ్లూ మానేసిన తీవ్ర డిప్రెషన్‌లో, ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు మందుల కంటే త్వరగా పనిచేస్తుంది. మామూలుగా వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు ఉంటుంది. మా పని: ముందు ఆరు గంటలు ఏమీ తినకుండా చూడడం, కట్టుడు పళ్లు తీయించడం, లేచాక ఎక్కడున్నారో ఓపిగ్గా మళ్లీ మళ్లీ చెప్పడం. జ్ఞాపకశక్తి మీద ప్రభావం ఉంటుంది, ఎక్కువమందికి తగ్గిపోతుంది. చికిత్స రోజుల చుట్టూ కొన్ని సంగతులు గుర్తుకు రాకుండా ఉండిపోవచ్చు. ఇది దాచకుండా ముందే చెప్పాలి.

అపోహ: "ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టు వేయించుకుంటే చాలు."

ఒట్టు మనకు ధైర్యాన్నిస్తుంది తప్ప రోగిని కాపాడదు. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. పైగా ఆలోచన మళ్లీ వస్తే, మాట తప్పానన్న సిగ్గుతో చెప్పడం మానేస్తారు. దాని బదులు రోగితో కలిసి భద్రతా ప్రణాళిక రాస్తాం. ఒక్క కాగితం, వాళ్ల మాటల్లోనే. ముప్పు ముంచుకొస్తోందని నాకు ఎలా తెలుస్తుంది ("గదిలోంచి బయటికి రావాలనిపించదు, ఫోన్ ఆపేస్తాను"), ఒక్కడినే ఉన్నప్పుడు ఏం చెయ్యగలను, ఎక్కడికెళ్తే మనసు మళ్లుతుంది, ఎవరికి ఫోన్ చేస్తాను, ఏ ఆసుపత్రికి వెళ్తాను, ఇంట్లో ఏవి అందకుండా ఉంచాలి. 2018లో అమెరికాలో ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చిన రోగుల మీద వచ్చిన అధ్యయనంలో, ఈ ప్రణాళికతో పాటు ఫాలో-అప్ ఫోన్లు కూడా అందినవాళ్లలో ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన చేష్టలు దాదాపు 45 శాతం తక్కువగా ఉన్నాయి.

అపోహ: "ధైర్యం చెప్తే చాలు. స్నానం కూడా చెయ్యడంటే ఒట్టి బద్ధకం."

"నీకేం తక్కువ?" అన్న మాట రోగి అపరాధ భావాన్ని రెట్టింపు చేస్తుంది. ఏం తక్కువ లేకపోయినా ఇలా ఉన్నానే అని వాళ్లు అప్పటికే తమను తాము తిట్టుకుంటున్నారు. రోజులో ఎక్కువ భాగం దిగులుగానో, దేని మీదా ఆసక్తి లేకుండానో రెండు వారాలకు మించి ఉంటే, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే అది జబ్బు. వయసు మళ్లినవాళ్లలో దిగులు కంటే ఒళ్లు నొప్పులు, మతిమరుపు ముందు కనిపించవచ్చు. థైరాయిడ్ లోపం లాంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి రక్త పరీక్షలు చేయిస్తారు.

మేము "స్నానం చెయ్యండి" అనం. "లేచి కూర్చుందామా?" అంటాం. కూర్చున్నాక ముఖం కడుక్కోవడం, ఆ తర్వాత తువ్వాలు చేతికివ్వడం. అన్నం మొత్తం తినకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. ఎంత తిన్నారో, ఎన్ని నీళ్లు తాగారో, ఎన్ని గంటలు నిద్రపోయారో, విరేచనం అయిందో లేదో రాసుకుంటాం. బరువు చూస్తాం. కోలుకోవడం మొదలైందని నాకు ముందుగా ఈ కాగితాల్లోనే తెలుస్తుంది.

ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే, ఇప్పుడే ఒక్క మనిషికి చెప్పండి. ఇంట్లోవాళ్లు కాకపోతే స్నేహితులు, వాళ్లూ కాకపోతే మీరున్న చోటి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్. ఆలోచన బలంగా ఉంటే ఒంటరిగా ఉండకుండా, ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. కౌంటర్ దగ్గర "నాకు చనిపోవాలనిపిస్తోంది" అన్న ఒక్క వాక్యం చాలు, వివరంగా చెప్పలేకపోయినా ఫర్వాలేదు. వాడుతున్న మందులుంటే చీటీ తీసుకెళ్లండి. తోడు వెళ్లేవాళ్లు ఆ మనిషిని డాక్టర్ చూసేదాకా అక్కడే ఉండండి, రోగి చెప్పడానికి ఇబ్బంది పడే సంగతులేమైనా ఉంటే నర్సును పక్కకు పిలిచి చెప్పండి.