శిథిలాల నడుమ ఒపేరా: అసలు మలుపు 1993లో రోమ్‌లో వచ్చింది

ఏథెన్స్‌లో ఆక్రోపోలిస్ కొండ పాదాన ఉన్న హెరోడియన్ రంగశాలను 2025 వేసవి ప్రదర్శనల తర్వాత కనీసం మూడేళ్ల పాటు మూసి ఉంచాలని గ్రీస్ నిర్ణయించింది. రాతి కట్టడాన్ని బలపరచాలి, మరమ్మతులు చేయాలి అన్నది అధికారికంగా చెప్పిన కారణం. ఆ నిర్ణయంతో మధ్యధరా తీరమంతటా నలుగుతున్న పాత తగాదా మళ్లీ రాజుకుంది. రెండు వేల ఏళ్ల నాటి గోడల మధ్య ఒపేరాలు, అంటే సంగీత నాటకాలు, ఆడించవచ్చా? ఆ ప్రదర్శన కోసమే వేల మైళ్లు దాటి వచ్చే యాత్రికుల డబ్బు ఆ గోడలను కాపాడుతోందా, అరగదీస్తోందా?

ఒపేరా సంస్థలు, పర్యటన నిర్వాహకులు ఒక వైపు ఉన్నారు. పురావస్తు పరిరక్షకులు మరో వైపు. మొదటి పక్షం మాట చిన్నది, బలమైనది: ఇవి జనం కూర్చుని చూడటానికి కట్టినవే, జనం రాకపోతే ఆ రాళ్లకు ప్రాణం లేదు. రెండో పక్షం మాట అంత సులువుగా చెవికెక్కదు. అది కంపనాల గురించి, ఇనుప చట్రాల బరువు గురించి, మొజాయిక్ నేలలో ఊడిపోయే గవ్వంత రాతి ముక్కల గురించి మాట్లాడుతుంది. అందుకే వాళ్ల వాదనకు ఇక్కడ కాస్త ఎక్కువ చోటు అవసరం.

రోమన్లు స్నానశాలలు ఎందుకు కట్టారు, గ్రీకు నాటకం ఎక్కడ పుట్టింది అన్న పాఠాలు అందరూ చదివినవే. వాటిని వదిలేసి నేరుగా రోమ్‌లోని కారకల్లా స్నానశాలకు వెళ్దాం. ఈనాటి తగవంతా అక్కడ తీసుకున్న ఒక్క నిర్ణయం నుంచే అర్థమవుతుంది.

క్రీ.శ. 216లో ప్రారంభమైన ఈ మహా కట్టడం 537లో గోత్ జాతి సేనలు రోమ్‌ను ముట్టడించి నీటి కాలువలను తెగ్గొట్టే దాకా పనిచేసింది. తర్వాత పద్నాలుగు వందల ఏళ్లు శిథిలంగా నిలబడింది. 1937 ఆగస్టులో అక్కడ తొలిసారి ఒపేరా ఆడించారు. ఆడినది దొనిజెట్టి రాసిన ‘లూచియా ది లామెర్మూర్’. ముస్సోలినీ పాలన రోమన్ వైభవాన్ని తన ప్రచారానికి వాడుకుంటున్న రోజులవి. సామాన్య జనానికి తక్కువ ధరలో ఒపేరా చూపించడం కూడా అందులో భాగమే. వేదికను ఎక్కడ కట్టారన్నది మనకు ముఖ్యం. ఒకప్పుడు వేడినీటి గదిగా ఉన్న గుండ్రటి మండపంలో మిగిలిన రెండు బ్రహ్మాండమైన ఇటుక స్తంభాల మధ్య, శిథిలాన్ని ఆనుకునే కట్టారు. అంటే ఆ శిథిలం వెనక కనిపించే దృశ్యంగా ఆగిపోలేదు. రంగస్థలానికి పక్క గోడా అదే, నేలా అదే, ఊతమూ అదే.

యుద్ధం వల్ల విరామం వచ్చినా, యాభై ఆరేళ్ల పాటు ఏర్పాటు మాత్రం అదే. ఇటలీ సంగీతకర్త వెర్డి ఒపేరా ‘ఐదా’ ఆడిన రాత్రుల్లో గుర్రాలు, ఒంటెలు కూడా వేదిక మీదికి వచ్చేవి. వేలమంది ప్రేక్షకులు, బరువైన తెరలు, దీపాల స్తంభాలు, తర్వాతి దశాబ్దాల్లో పెద్ద స్పీకర్లు. రోమ్‌కు వేసవిలో వెళ్లే యాత్రికుడికి పగలు కొలోసియం, రాత్రి కారకల్లా అన్నది తప్పనిసరి కార్యక్రమం అయిపోయింది. 1990 జులై 7న, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌కు ముందు రాత్రి, ఒపేరా గాయకులు పవరొత్తి, దొమింగో, కరేరాస్ జుబిన్ మెహతా సంగీత నిర్వహణలో అక్కడే పాడారు. ఆ కచేరీ ప్రపంచమంతా టీవీల్లో చూసింది. కారకల్లా పేరు స్నానశాలగా తెలియనివాళ్లకు కూడా సంగీత వేదికగా తెలిసింది.

అంతకు ఏడాది ముందు, 1989 జులైలో, వెనిస్‌లో రాక్ సంగీత బృందం పింక్ ఫ్లాయిడ్ నీటి మీద తేలే వేదికపై కచేరీ చేసింది. సెయింట్ మార్క్ చర్చి మొజాయిక్‌లు కంపనాలకు దెబ్బతింటాయని పరిరక్షణ అధికారులు అడ్డుచెప్పడంతో శబ్దాన్ని తగ్గించాల్సి వచ్చింది. తెల్లారేసరికి చౌరస్తా నిండా చెత్త. ఆ గొడవకు నగర పాలకులే పదవులు వదులుకున్నారు. ఎంత శబ్దాన్ని రాయి తట్టుకుంటుంది అన్న ప్రశ్న ఇటలీలో నిపుణుల గదులు దాటి వీధిలోకి వచ్చింది అప్పుడే.

1993 సీజన్ తర్వాత కారకల్లాలో ఒపేరా ఆగిపోయింది. ఆద్రియానో లా రెజీనా అధిపతిగా ఉన్న రోమ్ పురావస్తు పర్యవేక్షణ శాఖ పట్టు బట్టింది. ఒపేరా అభిమానులు, వ్యాపారులు చాలా బాధపడ్డారు. వాళ్ల బాధలో నిజముంది. ఎన్నో కుటుంబాలకు ఆ వేసవి రాత్రులు తరతరాల అలవాటు. కానీ శాఖ చెప్పినది సంగీతం వద్దని కాదు. కట్టడం మోయలేని బరువును దాని మీద పెట్టవద్దని. ఇటుక, సున్నంతో కట్టిన రోమన్ గోడ నిలువు బరువును శతాబ్దాలు మోస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే సన్నని కంపనం, ప్రతి వేసవీ బిగించి విప్పే చట్రాల ఒత్తిడి వేరు. అవి పాత సున్నపు అతుకులను లోపల్నుంచి వదులు చేస్తాయి. పైకి ఏమీ కనిపించదు. పగులు కనిపించేసరికి లోపల జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. పైగా అక్కడ నలుపు తెలుపు మొజాయిక్ నేలలు ఇంకా ఉన్నాయి. నేల కింద సేవకులు తిరిగిన సొరంగాలు, మిత్రాస్ అనే దేవుడి ఆలయం ఉన్నాయి. పైన నడిచేవాడికి అవి తెలియవు.

2001లో ఒపేరా తిరిగి వచ్చింది. ఈసారి వేదిక శిథిలానికి ఎడంగా, తోటలో. సీజన్ అయిపోగానే మొత్తం విప్పి తీసుకెళ్లిపోయే ఏర్పాటు. ఆ రెండు స్తంభాలు ఇప్పుడు గాయకుల వెనక, దూరంగా, వెలుగులో కనిపిస్తాయి. వాటిని ఎవరూ తాకరు. చూసేవాడికి దక్కే అనుభవం తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదే ఆకాశం, అవే స్తంభాలు, అదే సంగీతం. మారినదల్లా బరువు ఎవరి మీద పడుతోందన్నదే. ఈ తేడాను పట్టించుకోకుండా ‘ఆడాలా వద్దా’ అని మాత్రమే వాదించడం వల్లే చర్చ ముప్పై ఏళ్లుగా ఒకేచోట తిరుగుతోంది.

పురావస్తు శాస్త్రానికి, ఒపేరాకు, పర్యటనకు ముడి ఎప్పుడు పడిందో చూస్తే ఈ గొడవకు మూలం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అది 1869. ఆ ఏడాది థామస్ కుక్ ఈజిప్టుకు తన తొలి యాత్రికుల బృందాన్ని తీసుకెళ్లాడు. నవంబరులో సూయజ్ కాలువ తెరుచుకుంది. అదే నెలలో ఈజిప్టు పాలకుడు (ఖెదీవ్) ఇస్మాయిల్ కైరోలో ఒపేరా భవనాన్ని ప్రారంభించాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని ఓరాంజ్‌లో రోమన్ రంగశాలను మళ్లీ సంగీతానికి వాడటం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఇస్మాయిల్ తన ఒపేరా కోసం ప్రాచీన ఈజిప్టు కథ కావాలన్నాడు. ఆ కథను అల్లినవాడు కవి కాదు, ఆగస్ట్ మారియెట్. ఈజిప్టు పురావస్తు శాఖను స్థాపించిన ఫ్రెంచి తవ్వకాల నిపుణుడు. వెర్డి సంగీతం, గిస్లాన్జోని మాటలు. దుస్తులు, దృశ్యాలు ఆలయ చిత్రాలకు దగ్గరగా ఉండాలని మారియెట్ స్వయంగా పారిస్ వెళ్లి కూర్చున్నాడు. ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించడంతో అవన్నీ అక్కడే చిక్కుకుపోయాయి. చివరికి ‘ఐదా’ తొలి ప్రదర్శన 1871 డిసెంబరు 24న కైరోలో జరిగింది.

ఇంత ప్రేమతో ఆ నాటకానికి రూపం ఇచ్చిన మారియెట్టే యాత్రికుల మీద గట్టిగా ఫిర్యాదు చేసినవాడు కూడా. సక్కారాలో తాను బయటపెట్టిన తీ సమాధికి అంతకుముందు వేల ఏళ్లలో జరగనంత నష్టం పదేళ్ల యాత్రికుల చేతుల్లో జరిగిందని ఆయన రాశాడు. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లను చూసి ఆయన కుమిలిపోయాడు. జనాన్ని పిలిచే కథా ఆయనదే, జనం నుంచి గోడను కాపాడే ఉద్యోగమూ ఆయనదే. ఆయన కథ మాత్రం ఆయన జీవితకాలంలో రాతి ఆలయంలోకి వెళ్లలేదు. రంగస్థలం మీద, రంగు వేసిన గుడ్డ తెరల మీదే నిలిచింది.

1913 ఆగస్టు 10న ఇటలీలోని వెరోనా అరీనాలో ‘ఐదా’ను గుడ్డ తెరలు దాటించి నిజమైన రాతి మధ్య ఆడించారు. వెర్డి శతజయంతి సందర్భంగా గాయకుడు జియోవన్ని జెనతెల్లో చొరవతో జరిగిన ఆ ప్రదర్శన నుంచే పెద్ద బహిరంగ ఒపేరా సంప్రదాయం నిలబడింది. ఒకటో శతాబ్దపు ఆ కోలాకార కట్టడం జనసమూహాన్ని మోయడానికే కట్టినది కనుక అక్కడ తగవు కొంత తక్కువ. 2026 శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకకు కూడా దాన్నే ఎంచుకున్నారు.

ఈజిప్టులో మాత్రం దారి నేరుగా సాగలేదు. 1987లో లక్సర్ ఆలయంలో దొమింగో పాడగా ‘ఐదా’ ఆడించారు. ఆ తర్వాత గీజా పిరమిడ్ల వద్ద ఆడించారు. 1994లో, మళ్లీ 1997 అక్టోబరులో దైర్ ఎల్ బహ్రీలోని హత్షెప్సుత్ ఆలయం ముందు. ఆ చివరి ప్రదర్శనలు అయిన నెల రోజుల్లో, నవంబరు 17న, అదే ఆలయం దగ్గర సాయుధులు 62 మందిని చంపారు. వారిలో 58 మంది విదేశీ యాత్రికులు. ఆ విషాదం తర్వాత చర్చంతా భద్రత వైపు మళ్లింది. రాతి ఆరోగ్యం గురించి అడగడమే అప్పుడు అసందర్భంగా అనిపించింది. అందుకు ఎవరినీ తప్పు పట్టలేం. కానీ రోమ్‌లో అప్పటికే మొదలైన ఆలోచన ఈజిప్టులో వెనకబడటానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రోమ్ చూపిన దారిలో నడిచిన ఉదాహరణలు ఉన్నాయి. ఇజ్రాయెల్ ఒపేరా 2010లో మసాదా అనే ప్రాచీన కొండకోట దగ్గర ‘నబుకో’ ఆడించినప్పుడు కొండ మీది శిథిలాల జోలికి వెళ్లకుండా, కింద ఎడారి మైదానంలో వేదిక కట్టింది. ఓరాంజ్‌లో ఇంకో రకం పరిష్కారం దొరికింది. 103 మీటర్ల పొడవు, 37 మీటర్ల ఎత్తున్న రంగస్థల గోడ వానకు, ఎండకు దెబ్బతినకుండా 2006లో ఉక్కు, గాజు పైకప్పు వేశారు. సంగీతోత్సవం ఉన్న ఊరు కనుకనే ఆ పని మీద అంత శ్రద్ధ పెరిగిందని ఒపేరా పక్షం వాదిస్తుంది. ఆ వాదన కొట్టిపారేయదగినది కాదు.

హెరోడియన్ విషయానికొస్తే, ఒపేరా పక్షానికి అత్యంత బలమైన సాక్ష్యం అక్కడే ఉంది. క్రీ.శ. 161 ప్రాంతంలో ఏథెన్స్ సంపన్నుడు హెరోడెస్ అట్టికస్ తన భార్య రెగిల్లా జ్ఞాపకార్థం కట్టించిన ఆ రంగశాల 267లో హెరూలీ జాతి దాడిలో ధ్వంసమైంది. ఇప్పుడు దాదాపు అయిదు వేల మంది కూర్చునే పాలరాతి వరుసలు 1950లలో పెంటెలిక్ పాలరాయితో మళ్లీ కట్టినవి. 1955 నుంచి 2025 దాకా ఏథెన్స్ ఉత్సవం అక్కడ జరిగింది. ఒపేరా గాయని మరియా కల్లాస్ 1957లో పాడింది అక్కడే. కాబట్టి ప్రేక్షకుల చెప్పుల కింద అరిగేది ప్రాచీన రాయి కాదు, డెబ్బై ఏళ్ల నాటి రాయి అని వాళ్లు అంటారు. నిజమే. అయితే వేదిక వెనక నిలబడిన మూడంతస్తుల గోడ మాత్రం ప్రాచీనమే. దాని ముందే దీపాలు, స్పీకర్లు, చట్రాలు బిగిస్తారు. బరువు పడేది మళ్లీ పాత రాయి దగ్గరే.

ప్రేక్షకుల అలవాట్లు కూడా చిన్న విషయం కాదు. వరుసల కింద అంటించిపోయిన చూయింగ్ గమ్‌ను కిలోల కొద్దీ గీకి తీయాల్సి వచ్చింది. ప్రాచీన కట్టడాల్లో సన్న మడమల చెప్పులను గ్రీస్ 2009లో నిషేధించింది. చెప్పు మడమ అంత చిన్న చోట శరీర బరువంతా పడితే పాలరాయి ఎలా గుంటపడుతుందో పరిరక్షకులు చెప్పేదాకా చాలామందికి తట్టదు. ఇలాంటి నియమాలను యాత్రికులు చాదస్తంగా చూడటం ఎక్కడైనా ఉంది. ఆ నియమం వెనక ఒక కొలత ఉందని టికెట్ మీద రెండు వాక్యాల్లో రాస్తే పాటించేవాళ్లు పెరుగుతారు.

ఇప్పుడు తేలాల్సినవి మూడే. హెరోడియన్ మళ్లీ తెరిచినప్పుడు ఏడాదికి ఎన్ని రాత్రులు ప్రదర్శనలకు ఇస్తారు? శబ్దానికి గరిష్ఠ పరిమితి ఎంత, దాన్ని ఎవరు కొలుస్తారు? దీపాల, స్పీకర్ల చట్రాలు ప్రాచీన గోడకు ఎంత దూరంలో నిలబడాలి? మొదటిది ఉత్సవ నిర్వాహకుల ఆదాయాన్ని తాకుతుంది, రెండోది సంగీతకారులను, మూడోది దర్శకులను. అందుకే ముగ్గురికీ చెప్పుకోవాల్సిన మాట ఉంటుంది. పరిరక్షకుల దగ్గర మాత్రం కొలతలు ఉన్నాయి. గోడకు అమర్చే కంపన మాపకాల అంకెలను గ్రీస్ సాంస్కృతిక శాఖ ప్రతి సీజన్ తర్వాతా బయటపెట్టాలి. టికెట్ కొని వచ్చే యాత్రికుడికి, అక్కడ పాడే గాయకుడికి వాటిని చూసే హక్కు ఉంది.