‘ఫోన్‌లో బాగానే ఉందిగా!’: ప్రింటింగ్ మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడలో పదమూడేళ్లుగా ఫ్రీలాన్స్‌గా డిజైన్లు చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల అట్టలు, షాపుల బోర్డులు. నెలకొకసారైనా ఎవరో ఒకరు అంటారు: "ఫోన్‌లో బాగానే ఉంది కదమ్మా, ప్రింట్‌లో ఎందుకు మారింది?"

అపోహ: ఫోన్‌లో తెలుగు సరిగ్గా కనబడితే ప్రింట్‌లోనూ అలాగే వస్తుంది.

రాదు. జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. వాట్సాప్‌లో మీరు టైప్ చేసేది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తించే కోడ్. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలామంది వాడేది అను ఫాంట్లు. పాత పద్ధతిలో వాటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు ఉంటాయి. అందుకే ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. ఇటునుంచి అటు కన్వర్ట్ చేసేటప్పుడు ఎక్కడో ఒక ఒత్తు జారిపోతుంది. నేరుగా యూనికోడే వాడదామంటే సాఫ్ట్‌వేర్‌కి ఒత్తులు కలపడం రావాలి. లేకపోతే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అవుతుంది. పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘వరల్డ్-రెడీ కంపోజర్’ అనే సెట్టింగ్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. అది తెలుసుకోకుండా "కంప్యూటర్లో తెలుగు ఇంతే" అని ప్రచారం చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో పని నేర్చుకుని, సొంతంగా మొదలుపెట్టిన ఏడాదే నాకు దెబ్బ తగిలింది. పెళ్లికొడుకు పేరు ‘కృష్ణ’లో ణ ఒత్తు పోయింది. నేను స్క్రీన్ మీదే చూశాను, అమ్మాయి నాన్నగారు ఫోన్‌లో చూసి సరేనన్నారు. ఆరువందల కార్డులు అచ్చయ్యాయి. ఆయన ఒక్క మాట తిట్టలేదు. కుర్చీలో కూలబడి "వియ్యాలవారికి ఏ మొహంతో ఇవ్వనమ్మా?" అన్నారు. కార్డులు నా ఖర్చుతోనే మళ్లీ వేయించాను. ఆ కంఠం మాత్రం ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఆ తర్వాత కాగితం మీద ప్రూఫ్ (అచ్చుకు ముందు దిద్దుకునే నమూనా) చూడకుండా ఏదీ ప్రెస్‌కి పంపలేదు. ఫాంట్ లేకపోయినా మారకుండా అక్షరాలను కర్వ్స్ (గీతల ఆకారాలు) చేసేది కూడా ప్రూఫ్ ఓకే అయ్యాకే. కర్వ్స్ చేస్తే అవి బొమ్మలైపోతాయి, టైప్ చేసి దిద్దలేం. మల్టీకలర్ ఆఫ్‌సెట్‌కి ఒక్కో సిరాకు ఒకటి చొప్పున నాలుగు ప్లేట్లు (అచ్చు రేకులు) తీస్తారు. తప్పు నల్ల అక్షరంలో ఉంటే ఒక ప్లేటు, రంగు అక్షరంలో ఉంటే రెండు మూడు మళ్లీ తీయాలి. కాగితం ఖర్చు వేరే.

అపోహ: స్క్రీన్ మీది రంగే కాగితం మీదా వస్తుంది.

స్క్రీన్‌ది వెలుగు, కాగితానిది సిరా. మెరిసే ఆకుపచ్చ, నీలం తప్పకుండా కాస్త మందగిస్తాయి.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన లోగో చాలు.

వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. 1600 పిక్సెళ్ల బొమ్మ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఐదంగుళాల పైచిలుకే వస్తుంది. సీడీఆర్ (కోరల్‌డ్రా) గానీ ఏఐ (ఇలస్ట్రేటర్) గానీ ఒరిజినల్ ఫైల్ అడిగి తీసుకోండి, డాక్యుమెంట్‌గా పంపమనండి.

అపోహ: డబ్బులిచ్చాం కాబట్టి హక్కులన్నీ మావే.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒక పేజీ రాయించుకోండి.

ముహూర్తం దగ్గరపడిందని టెన్షన్ పడుతూ చాలామంది "ప్రూఫ్ వద్దులెండి, వేసేయండి" అంటారు. వాళ్ల కంగారు నాకు అర్థమవుతుంది. అయినా పేర్లు, ముహూర్తం, ఫోన్ నంబర్లు ఉన్న పేజీ ఒక్కటి ప్రింట్ తీయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు కళ్లజోడు అందించి, పైకి చదివించండి.