ఫొటో అదిరితే ప్రచారం అయిపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

పబ్లిక్ రిలేషన్స్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేవి సైనిక విమానాల కథలే. డబ్బుకు లోటు లేదు, క్రమశిక్షణకు లోటు లేదు. అయినా చూసేవాళ్లు ఎక్కడ నిలబడి, ఏ జ్ఞాపకాలతో చూస్తున్నారో పట్టించుకోని రోజున అంతా తలకిందులైంది. ఫోన్లో పెట్టే చిన్న వీడియోకీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: దృశ్యం బాగుంటే చాలు.

వాస్తవం: 2009 ఏప్రిల్ 27న అమెరికా అధ్యక్షుడి విమానాల్లో ఒకటి, వెంట ఒక ఎఫ్-16 యుద్ధవిమానంతో, న్యూయార్క్ మీద బాగా కిందికి దిగి ఎగిరింది. అధ్యక్షుడు అందులో లేరు. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీతో కలిపి కొత్త ఫొటోలు తీయడమే పని. నగర అధికారుల్లో కొందరికి ముందే కబురు వెళ్లింది, కానీ జనానికి చెప్పొద్దన్న షరతుతో. 2001 సెప్టెంబరు 11ని కళ్లారా చూసిన ఊరు అది. ఆఫీసులు ఖాళీ చేసి జనం వీధుల్లోకి పరుగెత్తారు. ఆ ఫొటోలకైన ఖర్చు 3,28,835 డాలర్లని లెక్క తేలింది. వైట్ హౌస్ మిలిటరీ ఆఫీస్ డైరెక్టర్ లూయీ కాల్డెరా రాజీనామా చేశారు. ఫొటో మాత్రం చక్కగానే వచ్చింది!

అంతకు రెండేళ్ల ముందు, 2007 జనవరి 31న, బోస్టన్‌లోనూ ఇలాగే జరిగింది. ఒక టీవీ కార్టూన్ ప్రచారానికి ఊళ్లో అక్కడక్కడా పెట్టిన చిన్న లైట్ల బోర్డులను బాంబులేమోనని అనుమానించి రోడ్లు, వంతెనలు మూసేశారు. ఆ కార్టూన్ ఛానెల్ నడిపే టర్నర్ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. రెండుచోట్లా ఆలోచన చెడ్డది కాదు. ముందుగా ఒక్క ప్రకటన ఇచ్చి ఉంటే సరిపోయేది. "చెప్పేస్తే థ్రిల్ పోతుంది" అని క్లయింట్లు అన్నప్పుడల్లా నేను గట్టిగా అడ్డుపడేది ఇందుకే.

ఇంకో విషయం. 1966 జూన్ 8న జనరల్ ఎలక్ట్రిక్ ఇంజిన్లున్న కొన్ని విమానాలను ఒకే ఫ్రేములో చూపించాలని గాల్లో ఫొటో షూట్ పెట్టారు. ఎఫ్-104 అనే యుద్ధవిమానం వెళ్లి పక్కనే ఉన్న ఎక్స్‌బి-70 బాంబరును ఢీకొంది. జో వాకర్, కార్ల్ క్రాస్ అనే ఇద్దరు పైలట్లు చనిపోయారు. ప్రచారం కోసం ఎవరినైనా ఎత్తైన చోటికో, నీళ్లలోకో, రైలు పట్టాల మీదికో పంపేముందు ఈ సంఘటన చదవండి.

అపోహ: మనం చూపించిన వైపే జనం చూస్తారు.

వాస్తవం: 1988 నవంబరు 22న అమెరికాలోని పామ్‌డేల్‌లో, రాడార్‌కు సులువుగా చిక్కని బి-2 బాంబరును తొలిసారి బయటపెట్టినప్పుడు అతిథులను ముందువైపే ఉంచారు. రహస్యమంతా వెనక భాగంలో, ఇంజిన్ల వేడి గాలి బయటికొచ్చే చోట ఉంది. ఆకాశాన్ని మాత్రం ఎవరూ మూయలేదు. ఏవియేషన్ వీక్ పత్రికవాళ్లు చిన్న సెస్నా విమానంలో పైనుంచి వెళ్లి ఫొటోలు తీసేసుకున్నారు.

అపోహ: సరదాకి అన్నామని ఎవరికైనా అర్థమవుతుంది.

వాస్తవం: 1996లో పెప్సీ టీవీ ప్రకటనలో, ఆ డ్రింకు కొంటే వచ్చే పాయింట్లు 70 లక్షలు పోగేస్తే హారియర్ యుద్ధవిమానం ఇస్తామన్నట్టు చూపించారు. పాయింట్లు తక్కువైతే ఒక్కోటి 10 సెంట్లకు కొనుక్కోవచ్చని నిబంధనల్లో ఉంది. ఒక కుర్రాడు లెక్క వేసుకుని, 15 పాయింట్లూ 7,00,008.50 డాలర్ల చెక్కూ పంపి విమానం అడిగాడు. దాని విలువ అప్పట్లో సుమారు 2.3 కోట్ల డాలర్లు. 1999లో కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది, ప్రకటనలో సంఖ్యను మాత్రం అంతకుముందే 70 కోట్లకు మార్చుకోవాల్సి వచ్చింది. ప్రకటనలో కనిపించే ప్రతి అంకెనూ ఎవరో ఒకరు నిజంగా లెక్క కడతారు.

అపోహ: వైరల్ అంటే ఒకరి నుంచి ఒకరికి దానంతటదే పాకిపోవడం.

వాస్తవం: ట్విటర్‌లో వార్తలు, వీడియోలు, ఫొటోలు పంచుకున్న దాదాపు వంద కోట్ల సందర్భాలను పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వెలువడింది. ఎక్కువమందికి చేరినవాటి వెనక చాలావరకు ఉన్నది ఒక పెద్ద ప్రసారమే, అంటే లక్షలమంది చూసే ఒక ఖాతా. నిజంగా చేతులు మారుతూ పెరిగినవి అరుదు. హాట్‌మెయిల్ అనే ఉచిత ఈమెయిల్ సేవ అలాంటిది. 1996లో మొదలైనప్పుడు ప్రతి మెయిల్ అడుగునా ఉచిత ఖాతా తీసుకోమని ఒక వాక్యం పెట్టారు. 1997 చివర్లో మైక్రోసాఫ్ట్ కొనేనాటికి వాడేవాళ్లు 80 లక్షలు దాటారు. అక్కడ వ్యాప్తి ఆ వస్తువు వాడకంలోనే ఉంది. అది లేనిచోట "వైరల్ చేసిపెట్టండి" అంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఆశయం గొప్పదైతే జనం వాళ్లే కదులుతారు.

వాస్తవం: చేయాల్సిన పని చిన్నదిగా, స్పష్టంగా ఉంటేనే ఎక్కువమంది కదులుతారు. 1940లో, రెండో ప్రపంచ యుద్ధంలో, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల కోసం బ్రిటన్‌లో పోగుచేసిన నిధికి ఒక విమానం ధర 5,000 పౌండ్లని ప్రచారం చేశారు. అసలు ఖర్చు అంతకన్నా ఎక్కువే. కానీ ఒక ఊరు చందాలు వేసుకుని చేరుకోగల అంకె అది. డబ్బిచ్చినవాళ్లు కోరిన పేరు విమానం మీద రాసేవారు. 2014 ఐస్ బకెట్ ఛాలెంజ్‌లోనూ పని అంతే తేలిక: నీళ్లు పోసుకో, డబ్బివ్వు, ఇంకొందరి పేర్లు చెప్పు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికా సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయంతో సాగిన పరిశోధన 2016లో ఎన్ఇకె1 అనే జన్యువుకు ఆ జబ్బుతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది.