అరకు దారి వెనక నూరేళ్ల కథ

సెలవు రోజొస్తే అనంతగిరి ఘాట్‌లో కార్లు బారులు తీరతాయి. అదే రోడ్డు మీదికి పై గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తారు. ఈ రెండు ఫొటోలూ ఒకే పేపర్లో చూడటం మనకు అలవాటైపోయింది.

మన్యంలో రోడ్డు కథ వెట్టితో మొదలైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు, అంటే అడవి నరికి చేసే సాగుకు, సంకెళ్లు పడ్డాయి. అది చాలదన్నట్టు, 1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి బాట వేయిస్తూ గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల కూలి ఎగ్గొట్టాడు. తర్వాత అల్లూరి సీతారామరాజు దళంలో చేరిన గాం గంటందొర అతనితో తగువుపడ్డాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. 1924 మే 7న కొయ్యూరులో రామరాజును కాల్చి చంపారు. ఇప్పటి 516ఈ జాతీయ రహదారి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు మీదుగానే అరకుకు చేరుతుంది. ఆ దారిన పోయే టూరిస్టుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

1960ల్లో జపాన్ సాయంతో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు లైను ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికే. లోయలో పండే కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా మైదానానికి దిగాలంటే శృంగవరపుకోట మీదుగా విశాఖ వెళ్లే ఘాట్ రోడ్డే ఆధారం. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెరిగేకొద్దీ జనమూ పెరిగారు. వలిసె పూలు పూసే కాలంలో ఫొటోల కోసం చేలల్లోకి దిగేవారి దగ్గర రైతులే ఇంతని వసూలు చేసుకుంటున్నారు. తొక్కిన పైరుకు అదైనా దక్కాలి మరి.

రోడ్డు పక్క భూమికి గిరాకీ వచ్చింది. గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. 1997లో సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు గనుల లీజులకూ అదే కట్టడి వేసింది. అయినా కాగితం మీద గిరిజనుడి పేరు, వెనక మైదానపు డబ్బు అన్న ఆరోపణలు ఆగలేదు.

ఇరుకు మలుపుల్లో ప్రమాదాలు మరో గోడు. 2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర హైదరాబాద్ యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు పోయారు. వెడల్పు చేయాలనే డిమాండ్ అప్పుడు మళ్లీ లేచింది. గూడేల వాళ్లు అడిగేది మాత్రం వేరు: ఘాట్ రోడ్డుదాకా ఆటో దిగేంత బాట. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో ప్రభుత్వం ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టింది ఆ పనికే.